ఎవరూ తరమని పరుగు



కిందటి చలికాలం ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి కాలవ కట్ట మీద పరిగెత్తుతున్నాను. ఎదురుగా సైకిలు మీద పాలక్యాన్లతో వస్తున్న ఒక పెద్దాయన టక్కున కాలు కింద పెట్టి ఆగిపోయాడు. "ఏమ్మా, ఎవరన్నా వెంటపడ్డారా?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు. సైకిలు స్టాండు వేసి, నా వెనకున్న చీకట్లోకి చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ లేరు బాబాయ్, ఊరికే పరిగెత్తుతున్నా అన్నాను. "ఊరికేనా?" అన్నాడు. ఆ గొంతులో నమ్మకం లేదు. నేను చాలా దూరం వెళ్ళాక తిరిగి చూస్తే ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు. నలభై అయిదేళ్ళ ఆడమనిషి చీకట్లో పరిగెత్తుతుంటే మీరైనా అదే అడుగుతారు. కానీ ఆ ప్రశ్న ఇంటిదాకా నా వెంట వచ్చింది. ఎవరూ తరమకుండా, ఎక్కడికీ చేరే పని లేకుండా, బాగుంది కాబట్టి పరిగెత్తడం ధమ్మ ఉపాసికకు తగిన పనేనా? మనలాంటివాళ్ళకు తగిన పనేనా? ఈ రెండూ ఒకటే ప్రశ్న కాదు. రెండింటి గురించీ మీతో మాట్లాడదామనే ఈ నాలుగు మాటలు.

మనవాళ్ళ జీవితంలో పరుగు పక్కన 'ఊరికే' అన్న మాట ఎన్నడూ లేదు. తెలంగాణలో వెట్టి నడిచిన రోజుల్లో దొర బండి ముందు పరిగెత్తినవాళ్ళలో మనవాళ్ళున్నారు. పీష్వాల పూనాలో అంటరానివాడి అడుగుజాడ కూడా మైలేనని, ఆ జాడని తుడుచుకుంటూ పోవడానికి నడుముకి చీపురు కట్టుకోవాల్సి వచ్చిందని బాబాసాహెబ్ 1936లో కులనిర్మూలనలో రాశారు. అడుగుజాడే మిగలకూడని చోట ఇక పరుగు మాట ఎక్కడిది? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు పట్టుకుని చీరాల చేరారు. 1991 ఆగస్టు 6న చుండూరులో పొలాల్లోకి పరిగెత్తినవాళ్ళను వెంటాడి చంపారు. ఎనిమిది మంది.

చుండూరు జరిగినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అక్కడికి మా ఊరు పెద్ద దూరం కాదు. ఆ వారంలోనే ఒక రాత్రి మా పల్లె మీదకి కూడా వస్తున్నారని ఎవరో అరిచారు. మా అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని, నా రెక్క పట్టుకుని పొలం గట్టు వెంట పరిగెత్తింది. నాట్లు పడిన పొలాలు, గట్టంతా జారుడు. నా చెప్పొకటి బురదలో ఊడిపోతే తీసుకోనివ్వలేదు. ఆ రాత్రి ఎవరూ రాలేదు. తెల్లారి అందరం ఇళ్ళకి తిరిగొచ్చాం. ఏమీ జరగలేదు కాబట్టి ఆ రాత్రి సంగతి ఏ కాగితం మీదా లేదు. నాకు మాత్రం ఒకటి జరిగింది. ఆ తర్వాత ముప్పై రెండేళ్ళపాటు నేను పరిగెత్తలేదు. కదులుతున్న బస్సు కోసం కూడా పరిగెత్తలేదు. పోతే పోనీ, ఇంకోటి వస్తుంది అనుకునేదాన్ని. అది ఓర్పు అనుకునేవాళ్ళు చూసినవాళ్ళు.

మళ్ళీ ఎందుకు పరిగెత్తానంటే, ఆశయం ఏమీ లేదు, షుగరు. ఉద్యమం అంటే నిలబడటం అని మనం ఉపన్యాసాల్లో చెబుతాం గానీ అందులో సగం కూర్చోవడమే. మీటింగులో కూర్చోవడం, ఆఫీసు వరండాలో కూర్చోవడం, ధర్నాలో కూర్చోవడం, అర్ధరాత్రి దాకా కరపత్రం దిద్దుతూ కూర్చోవడం, మధ్యలో టీలు, బజ్జీలు. డాక్టరమ్మ రిపోర్టు చూసి రోజూ నడవమంది. కాలేజీ గ్రౌండుకి పోయాను. అక్కడ రౌండు 400 మీటర్లు. సంక్షేమ హాస్టల్లో ఉండే ఒక పిల్ల కానిస్టేబులు సెలక్షన్ల కోసం రోజూ 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తోంది. నాలుగు రౌండ్లన్నమాట. నెల రోజులు నన్ను చూసి చూసి, ఒకనాడు "ఆంటీ, ఒక్క రౌండు నాతో రండి" అంది. అర రౌండు దాటలేదు, గుండె గొంతులోకి వచ్చింది. ఆ పిల్ల నవ్వలేదు. "మీరు పారిపోతున్నట్టు పరిగెత్తుతున్నారాంటీ. పక్కనున్న నాతో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరిగెత్తండి చాలు" అంది.

పారిపోతున్నట్టు. తెలిసి అన్న మాట కాదది. నాకు పరుగంటే అదొక్కటే తెలుసు మరి.

తర్వాత ఆ పిల్ల చెప్పినట్టే చేశాను. నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్ళీ నిమిషం పరుగు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చేసే తప్పు నేనూ చేశాను. మూడు వారాలకి ఊపిరి దారిన పడింది కదాని ఒక్కసారి పెంచేశాను. గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలవాటు పడతాయి. ఎముకలకీ నరాలకీ నెలలు పడుతుంది. మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి పట్టుకుని మెట్లు దిగలేకపోయాను. పది రోజులు ఇంట్లో కూర్చున్నాను.

ఆ పది రోజుల్లోనే సోణుడి కథ మళ్ళీ చదివాను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. చంపా నగరంలో శ్రీమంతుల బిడ్డ, అరికాళ్ళు అతి మెత్తన. భిక్షువై, పట్టుదలతో చంక్రమణం చేసీ చేసీ పాదాలు పగిలి, నడిచిన దారంతా రక్తం అయింది. బుద్ధుడు అతని దగ్గరకు వచ్చి, ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా అని గుర్తు చేశాడు. తీగ మరీ బిగించినా పలకదు, మరీ వదిలినా పలకదు. శ్రమ కూడా అంతేనన్నాడు. ఇక్కడిదాకా అందరూ చెబుతారు. దీని తర్వాత వినయపిటకంలో ఉన్న ముక్క నాకు ఇంకా ఇష్టం. నీ పాదాలు సుకుమారం, నువ్వు చెప్పులు తొడుక్కో అన్నాడు బుద్ధుడు. నా ఒక్కడికైతే వద్దు, సంఘం మొత్తానికి ఇస్తే నేనూ తొడుక్కుంటాను అన్నాడు సోణుడు. అప్పుడు బుద్ధుడు భిక్షువులందరికీ ఒంటిపొర చెప్పులు అనుమతించాడు.

చెప్పులు కుట్టినవాళ్ళే ఊరి వీధిలో చెప్పులు చేత్తో పట్టుకుని నడవాల్సిన దేశం ఇది. అక్కడ రెండున్నర వేల ఏళ్ళ కిందట ఒకాయన, అందరికీ లేని చెప్పు నాకొద్దన్నాడు. నేను ఆ నెలలో 1,400 రూపాయలు పెట్టి బూట్లు కొనుక్కున్నాను. నా చెప్పుల ఖరీదు ఎప్పుడూ మూడొందలు దాటలేదు. కవరు దాచుకుని ఇంట్లోకి తెచ్చాను, దొంగతనం చేసినట్టు.

ఆరో వారమో ఏడో వారమో జరిగింది మీకు చెప్పడం కష్టం. మంచు పడుతోంది. ఆ పిల్ల ముందెక్కడో ఉంది. రెండు అడుగులకి ఊపిరి లోపలికి, రెండు అడుగులకి బయటికి, నేను లెక్కపెట్టకుండానే అదే నడుస్తోంది. ఒక చోట నుంచి మళ్ళీ అదే చోటికి వచ్చేసరికి, మధ్యలో ఒక రౌండు మొత్తం ఏమైందో తెలియలేదు. మీటింగు గుర్తు రాలేదు, అప్పు గుర్తు రాలేదు, ఎవరి మీదా కోపం గుర్తు రాలేదు. కాళ్ళు ఉన్నాయి, నేల ఉంది. పైకే నవ్వేశాను. గ్రౌండు ఊడ్చే ఆవిడ తల ఎత్తి చూసింది.

సతిపట్ఠాన సుత్తంలో నడక, నిలబడటం, కూర్చోవడం, పడుకోవడం అని నాలుగు భంగిమలున్నాయి. పరుగు లేదు. కానీ శరీరం ఏ తీరున ఉంటే ఆ తీరున ఉందని ఎరిగి ఉండమని కూడా అక్కడే ఉంది. విహారంలో కళ్ళు మూసుకుని కూర్చుంటే రాని ఎరుక నాకు ఆ మట్టి ట్రాకు మీద వచ్చిందంటే ధ్యానాన్ని తక్కువ చేస్తున్నాననుకోకండి. నేను కూర్చోవడంలో అంత నేర్పరిని కాదు, అంతే.

నవ్విన వెంటనే భయం వేసింది. ఇంత సుఖం నాకెందుకు? మా అమ్మ కాళ్ళకి ఇది తెలుసా? ఇదే మాట ఒక ఆదివారం విహారంలో వందన అయ్యాక బయటికి అన్నాను. ఒక పెద్దావిడ ఉంది, మిరపకోతలకి పోతుంది. "రోజంతా వంగి కాయ కోసి వచ్చినదానికి పొద్దున్నే పరుగు కూడానా అమ్మాయ్? మీకు ఒళ్ళు కదలడం లేదు కాబట్టి కదిలిస్తున్నారు. నాది ఆగడం లేదు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మాట తగిలింది. తగలాల్సిందే. ఆవిడకి పరుగు చెప్పడానికి నాకు నోరు లేదు, ఇప్పటికీ చెప్పను. ఆవిడకి కావాల్సింది విశ్రాంతి.

అయితే ఆ మాటని అక్కడే వదలకూడదు. ఆవిడ నడుము ఒక్కసారైనా ఆవిడ కోసం వంగిందా? కూలికి అమ్మిన కదలిక ఒకటి, తనదైన కదలిక ఒకటి. మొదటిది మనకి తరతరాలుగా ఇచ్చారు, రెండోది రానివ్వలేదు. తీరిక సంగతి బాబాసాహెబ్ తేలిగ్గా తీసుకోలేదు. వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూస్తున్నప్పుడు, 1946లో ఫ్యాక్టరీ కార్మికుల వారపు పని 54 గంటల నుంచి 48కి తగ్గించే బిల్లు ఆయనే తెచ్చారు. అంతకుముందు ఏడాది గాంధీ గురించి రాస్తూ, యంత్రం వద్దనేవాళ్ళకి ఆయన ఇచ్చిన జవాబు కూడా తీరిక గురించే. తీరిక లేని బతుకు పశువు బతుకేననీ, మనిషి మనసు పెరగాలంటే ఒళ్ళు విరిగే చాకిరీ నుంచి కొంత కాలం మిగలాలనీ ఆయన వాదన. ఆ మిగిలిన కాలంలో మనవాళ్ళు ఏం చెయ్యాలో చెప్పడానికి మనం ఎవరం? ఒకరు పాడతారు, ఒకరు పడుకుంటారు, ఒకరు పరిగెత్తుతారు. మిరపకోతల ఆవిడకి లేనిది పరుగు కాదు, ఆ మిగిలిన కాలం. దాని కోసం కొట్లాడాల్సిన నేను, నాకు కొంచెం దొరికిందని సిగ్గుపడి దాచుకుంటే ఆవిడకి ఒరిగేదేముంది?

సుఖానికి భయపడటం మన సిద్ధార్థుడికీ తెలుసు. ఆరేళ్ళు ఒళ్ళు ఎండబెట్టుకున్నాక, చిన్నప్పుడు తండ్రి పొలం దున్నిస్తుంటే నేరేడు చెట్టు నీడన కూర్చున్న రోజు ఆయనకి గుర్తొచ్చింది. ఆ రోజు మనసు దానంతటదే కుదురుకుని ఒక ఆనందం కలిగింది. అది కామంతో కలిసింది కాదు, ఎవరికీ చెడు చేసింది కాదు. మరి దానికి నేనెందుకు భయపడుతున్నాను అని తనని తానే అడిగాడు. భయపడనక్కర్లేదని తేల్చుకుని, ఇంత ఎండిన ఒంటితో అది దొరకదని అన్నం తిన్నాడు. కూడా ఉన్న అయిదుగురూ, ఇతను సుఖానికి మరిగాడని విడిచిపోయారు. మీరు పనిచేసే సంఘంలో ఆ అయిదుగురు ఉండే ఉంటారు. నా లోపల కూడా ఉన్నారు.

అదే తండ్రి పొలంలో ఇంకో దృశ్యాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు-ధమ్మం'లో పెట్టారు. చాలీచాలని గుడ్డలతో ఎండలో దున్నుతున్న కూలీలను చూసి బాల సిద్ధార్థుడు, ఒక మనిషి ఇంకొక మనిషి శ్రమ మీద బతకడం న్యాయమేనా అని స్నేహితుణ్ణి అడుగుతాడు. చెట్టు నీడన కలిగిన ఆనందం, ఎండలో కూలీల చెమట, రెండూ ఆ పొలంలోవే. ఒకటి చూసినందుకు ఆయన రెండోదాన్ని చెరిపేసుకోలేదు.

ఇక్కడితో ఆపితే నా వాదన చక్కగా ఉండేది. కానీ జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు.

అయిదు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాలని పెట్టుకున్నాను. పన్నెండున్నర రౌండ్లు. ఒకరోజు పది రౌండ్లయ్యాయి. బెంచీ మీద పెట్టిన ఫోను వెలుగుతోంది. దాటుతూ చూశాను. మా పేటలో ఒక తల్లి. కూలి డబ్బులు అడిగినందుకు ఆమె కొడుకుని కొట్టారు. ఆ పొద్దున స్టేషనుకి నాతో కలిసి వెళ్ళాలి. పిలిచిన టైము ఇంకా కాలేదులే అనుకున్నాను. ఇంకో రౌండుకి వచ్చేసరికి మళ్ళీ వెలుగుతోంది. ఆగలేదు. మిగిలిన పరుగుకి పట్టింది ఎనిమిది నిమిషాలే. ఆ సంబరంలో ఆ పిల్లకి చెప్పుకుని, ఫోటో తీయించుకుని, ఇంకో ఇద్దరితో టీ తాగి, ఇంటికి వచ్చి స్నానం చేసి వెళ్ళేసరికి గంట దాటింది. ఆమె ఎదురుచూసి చూసి నడుచుకుంటూ ఒక్కతే వెళ్ళింది. నేను చేరేటప్పటికి రాజీ కాగితం మీద వేలిముద్ర వేసి బయటికి వస్తోంది. అందులో ఏముందో ఆమెకి చదివి వినిపించలేదు.

అంగుళిమాలుడు ఏనుగుని, గుర్రాన్ని, రథాన్ని తరిమి పట్టుకున్నవాడు. నెమ్మదిగా నడుస్తున్న బుద్ధుణ్ణి మాత్రం ఎంత పరిగెత్తినా అందుకోలేకపోయాడు. నేను పరిగెత్తుతున్నాను, ఆ తల్లి నడుస్తోంది, నేనూ అందుకోలేకపోయాను.

ఆ రాత్రి నిద్రపోకుండా ఆలోచించాను. పరుగు మానేద్దామా? మానేస్తే తేలికే. తప్పంతా బూట్ల మీదకి తోసేసి అటక మీద పెట్టొచ్చు. కానీ ఎనిమిది నిమిషాలు చేసిన తప్పు కాదది. పాళీలో రెండు మాటలున్నాయి. ఛందం అంటే మంచిపని మీద ఇష్టం. ఇద్ధిపాదాలు నాలుగింటిలో మొదటిది అదే, అది లేకపోతే మనిషి ఏ సాధనా మొదలుపెట్టడు. తణ్హ అంటే దాహం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తెల్లారే లేచి బూట్లు తొడుక్కోవడం దాకా తేడా తెలియదు. ఆపాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. ఆ మంచు పొద్దున నవ్వు వచ్చినప్పుడు ఎవరు పిలిచినా ఆగి ఉండేదాన్ని, ఎందుకంటే అప్పుడు నాకు ఏ లెక్కా లేదు. పన్నెండున్నర అనే అంకె చేతికి వచ్చాక అది నాది అయింది. నాది అన్నదాన్ని ఒక తల్లి కోసం కూడా ఎనిమిది నిమిషాలు వదల్లేకపోయాను. ఒంటరిగా ఉన్న మనిషికి ధమ్మంతో పని లేదని, ఇద్దరు మనుషులు ఉన్నచోట మాత్రం అది లేకుండా కుదరదని బాబాసాహెబ్ అన్నదానికి నాకు అర్థం అప్పుడు తెలిసింది. గ్రౌండులో నేను ఒంటరిననుకున్నాను. బెంచీ మీద ఫోను వెలుగుతున్నంతసేపూ ఇద్దరం ఉన్నాం.

ఆమె దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. "పరిగెత్తుతున్నావా? ఎందుకు?" అంది. పాలాయనకి చెప్పిన 'ఊరికే' అన్న మాట ఆమె ముందు నోటికి రాలేదు. ఆమె కూడా ఇంక అడగలేదు. తిట్టినా బాగుండేది. కొడుకు విషయంలో మళ్ళీ అర్జీ పెట్టాం, పై అధికారికి ఇచ్చాం. ఇంకా తేలలేదు. వాయిదాకి పిలిచినప్పుడల్లా ఆమె ఇంటికి వెళ్ళి, ఆమెతో కలిసి బయల్దేరుతున్నాను.

పరుగు మానలేదు. వారానికి నాలుగు రోజులు వెళ్తున్నాను. కాలవ కట్ట మీద పాలాయన ఇప్పుడు సైకిలు ఆపడు, గంట కొట్టి పోతాడు. ఆ పిల్ల సెలక్షన్లకి ఇంకా టైముంది, వాచీ నా చేతికిచ్చి తన రౌండ్లు చూడమంటోంది. ఫోను మాత్రం బెంచీ మీద పెట్టడం లేదు, నడుముకి చిన్న సంచీ కట్టి అందులో పెట్టుకుంటున్నాను, రింగు పెద్దగా పెట్టి. నిన్న మూడో రౌండులో మోగింది. ఆగి, రొప్పుతూ తీశాను. ఏదో లోను కావాలా మేడమ్ అని ఒకమ్మాయి. వద్దమ్మా అన్నాను. "మేడమ్, బానే ఉన్నారా, ఎందుకలా రొప్పుతున్నారు?" అని అడిగింది.

పరిగెత్తుతున్నానమ్మా అన్నాను. ఊరికే.